మాలిన్యమా, దోహదమా?

సందేహం: డిగ్రీ విద్యార్థుల కోసం అయొడిన్ పట్టించిన పాలిమర్ల (చిన్న అణువులు గొలుసుల్లా కలిసిన ప్లాస్టిక్ వంటి పదార్థాల) మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. 'విద్యుత్వాహకత' అనాలా, 'విద్యుద్వాహకత' అనాలా? వాహకత, అంటే కరెంటును పోనిచ్చే గుణం, పెంచడానికి వేరే పదార్థం చేర్చే 'డోపింగ్‌'కు 'మాలిన్యం చేర్చడం' అంటే సరిపోతుందా?
– ఒక అధ్యాపకురాలు, కావలి

సమాధానం: మొదటిది జశ్త్వసంధి, అమ్మా. తకారానికి వకారం పరమైతే దకారం వస్తుంది, కాబట్టి విద్యుద్వాహకత. విడదీసి 'విద్యుత్ వాహకత' అన్నా తప్పులేదు. కలిపి 'విద్యుత్వాహకత' అని మాత్రం రాయకండి.

రెండోదాని దగ్గర కాసేపు ఆగాలి. సిలికాన్ విషయంలో 'మాలిన్యం' కొంత నప్పింది. అక్కడ లక్షల పరమాణువుల నడుమ ఒకటో రెండో పరాయివి చేరితే చాలు. పాలిమర్ సంగతి అలా కాదు. పాలీఎసిటిలీన్ అనే పాలిమర్ పొరకు అయొడిన్ వంటి హాలోజన్ల ఆవిరి తగిలితే వాహకత కోటి రెట్లకు పైగా పెరుగుతుందని 1977లో షిరకావా, మెక్‌డయార్మిడ్, హీగర్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. 2000లో వారికి రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. అయొడిన్ గొలుసులోని ఎలక్ట్రాన్లను లాక్కొని ట్రైఅయొడైడ్ అయానుగా (మూడు అయొడిన్ పరమాణువులు కలిసిన రుణావేశ కణంగా) మారుతుంది. ఎలక్ట్రాన్ పోయినచోట మిగిలిన ధనావేశం గొలుసు వెంట కదులుతుంది. బాగా పట్టిన పొరలో అయొడిన్ బరువు పాలిమర్ బరువునే మించిపోతుంది. అంత చేరినదాన్ని, అంత పని చేసేదాన్ని మాలిన్యమనడం నాకు మనసొప్పదు.

డోపింగ్‌కు పుస్తకాల్లో 'మాదీకరణం' అనే మాట ఉంది. అందులో వినిపించేది మత్తు. ఇంగ్లీషు 'డోప్'కు మూలమైన డచ్చి మాటకు అర్థం ముంచుకు తినే పులుసు. మత్తు అర్థం తర్వాత చేరింది.

నా ఓటు 'దోహదం'కే. ఇప్పుడు తోడ్పాటు అన్న అర్థమే మిగిలింది గానీ, చెట్లు పూయడానికి వేసే ఎరువునూ, పట్టే ధూపాన్నీ కూడా దోహదమనేవారు. ఇక్కడ జరిగేదీ ఆవిరి పట్టడమే! డోపింగ్‌తో ధ్వని కలవడం కాకతాళీయం, చుట్టరికమేమీ లేదు. చేర్చే పదార్థాన్ని 'దోహదకం' అనవచ్చు.

క్రియ కోసం వెతకనక్కర్లేదు. 'అయొడిన్ పట్టించిన' అని మీరే రాశారు. తలకు నూనె పట్టించినట్టు, జుట్టుకు సాంబ్రాణి పట్టించినట్టు, లోపలికి ఇంకే భావం అందులో ఉంది. 'కలిపిన'లో అది లేదు.

కరెంటును పోనివ్వనిదానికి 'బంధకం' అనే మాట చాలు. ఉదాహరణకు దూరం పోకండి, మీ జిల్లా సైదాపురం కాకిబంగారం (అభ్రకం, మైకా) ఉంది. పాత ఇస్త్రీపెట్టెల్లో వేడెక్కే తీగను చుట్టింది ఆ రేకుల మీదే. పాఠాన్ని ఇలా మొదలుపెట్టి చూడండి: 'వైరు మీది ప్లాస్టిక్ తొడుగూ పాలిమరే, కాకిబంగారంలా అదీ బంధకమే. కానీ అయొడిన్ పట్టిస్తే కరెంటును పోనిచ్చే పాలిమర్లూ ఉన్నాయి.'