మీ నాయన నిద్రకు పెన్నేరుగడ్డ ఇచ్చే ముందు

కడప

చిరంజీవి సుధాకర్‌కు,

మీ నాయనకు రెండు నెలలుగా నిద్ర పట్టడం లేదనీ, అంగట్లో పెన్నేరుగడ్డ, జటామాంసి, సరస్వతి ఆకు, జాజికాయ, గసగసాలు కలిపిన పొడి తెచ్చి రాత్రి పాలలో ఇస్తున్నాననీ రాసినావు. ముందు ఆ పొడి ఆపు. విషమని కాదు. ఐదూ కలిపి ఇస్తే ఏది పనిచేసిందో, ఏది పడక కడుపు చెడిందో తేల్చుకోలేవు.

వాటిలో నిద్ర కోసం మనుషుల మీద కాస్త గట్టిగా పరీక్షలు జరిగింది పెన్నేరుగడ్డకే, అంటే అశ్వగంధకు. ఆ పరీక్షల్లో శానావాటిలో వాడింది పొడి కాదు, వేరు నుంచి తీసిన సారం. రోజుకు 600 మిల్లీగ్రాములు, 8 వారాలపాటు. మేలు కనపడింది కానీ చిన్నదే, అదీ నిదానంగా. ఈ రాత్రి తాగితే ఈ రాత్రే గుర్రు పెడతాడనుకుంటే మూడోనాటికి విసుగొచ్చి డబ్బా మూలన పడుతుంది.

పొడి కొనొద్దు, ఎండిన వేరే కొను. అనంతపురం, కర్నూలు దిక్కు చేలల్లో పండేదే కాబట్టి దొరకడం కష్టం కాదు. వేరు విరిస్తే పుటుక్కుమనాల, లోపల తెల్లగా పిండి మాదిరి ఉండాల. వంగిందంటే చెమ్మ పట్టింది, బొక్కలుంటే పురుగు పట్టింది. పొడి ఆకుపచ్చ ఛాయలో ఉంటే ఆ మొక్క ఆకు కలిపినారేమో అనుకోవాల. ఆకు వాడొద్దని 2021లో ఆయుష్ శాఖే తయారీదార్లకు చెప్పింది. ఒక్కసారికి 50 గ్రాములే దంచి, పలుచటి గుడ్డలో జల్లించి, గాజు సీసాలో గట్టిగా మూత పెట్టు.

ఆయుర్వేదంలో పొడి మోతాదు రోజుకు 3 నుంచి 6 గ్రాములు. మీ నాయనకు మొదటి వారం గ్రామున్నర చాలు, పడితే 3 గ్రాములు చెయ్యి, ఆపైన వద్దు. స్పూను లెక్క నమ్మొద్దు, ఒకసారి తూకం వేయించి ఆ స్పూనుకు గుర్తు పెట్టుకో. మీ ప్రొద్దుటూరులో బంగారం అంగళ్లకు కరువా! పొడిని 100 మిల్లీలీటర్ల పాలు, అంతే నీళ్లలో వేసి, సన్నటి సెగమీద నీళ్లు ఇగిరిపోయి పాలంతే మిగిలేదాకా కాచు. తిన్నాక ఎనిమిదింటికే ఇయ్యి. పరగడుపున వికారం, విరేచనాలు రావచ్చు. పది గంటలకు గ్లాసునిండా పాలు తాపితే, ఆ వయసులో అర్ధరాత్రి ఒంటికి లేవాల్సి వస్తుంది, మందిచ్చి నిద్ర చెడగొట్టినట్లే.

మీ అమ్మ థైరాయిడ్ మాత్రలు వేసుకుంటుంది కదా, ఆమెకు మాత్రం రుచికి కూడా ఇవ్వొద్దు. ఇది థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు. గర్భిణులకూ, కాలేయం జబ్బున్నవాళ్లకూ పనికిరాదు. కండ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి తిరిగినా, ఒళ్లు దురద పెట్టినా వెంటనే ఆపి డాక్టరుకు చూపించాల. నిద్రమాత్రలు వాడేవాళ్లు దానిమీద దీన్ని కలపకూడదు. అట్లని ఆ మాత్రలను ఉన్నపళంగా మానేయనూ కూడదు.

జాజికాయ రాయిమీద రెండుసార్లు అరగదీసినంత వేస్తే వాసనకు బాగుంటుంది, అంతే. నిద్ర రాలేదని కాయంతా అరగదీసేవాళ్లున్నారు. ఒక కాయ 5 గ్రాముల దాకా తూగుతుంది. అంత తింటే కొన్ని గంటల తర్వాత గుండెదడ, వాంతులు, మతిభ్రమ వస్తాయి. గసగసాల మత్తు గింజది కాదు, పైన అంటుకున్న నల్లమందు పాలది. కడిగితే శానావరకు పోతుంది, కడక్కపోతే ఎంతుందో లెక్క తెలియదు. పాయసానికి సరే, మందుకు వద్దు. మనూరి నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ల సంచిలో అసలే పెట్టొద్దు, శానా దేశాల్లో జైలు కేసు. జటామాంసి హిమాలయాల్లో అరుదైపోతున్న మొక్క, అంగట్లో దొరికేదాంట్లో కల్తీ ఎక్కువ. టీ సంచుల్లో వచ్చే 'చామంతి' మన దండల చామంతి కాదు, ఇంట్లో పూలు తెచ్చి మరిగించొద్దు.

ఇంగ అసలు సంగతి. సాయంత్రం ఆరింటికి తాగిన టీలోని కెఫీన్ సగం పదకొండింటిదాకా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటినాక టీ మానిపించకుండా ఏ వేరు ఉడికించినా దండగ. మధ్యాహ్నం కునుకు అరగంటకు మించొద్దు. రాత్రి ఎప్పుడు పట్టినా పొద్దున ఐదున్నరకే లేపు, ఆదివారమైనా సరే. పడుకుని ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే మంచం దిగి వేరేచోట మసక వెలుతురులో కూర్చోనీ, ఆవులింత వచ్చినాకే మళ్లీ మంచం. ఎండాకాలం స్లాబు మింగిన వేడి నడిరేయి దాకా కిందికి దిగుతూనే ఉంటుంది, పొద్దు గూకగానే మిద్దెమీద నీళ్లు చల్లించు.

గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నాడేమో ఒక రాత్రి నువ్వే చూడు. అదే అయితే మూలికల జోలికి పోకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపో.

పెన్నేరుగడ్డ మొదలుపెట్టకముందు రెండు వారాలు నోటుబుక్కులో పడుకున్న గంట, నిద్ర పట్టిన గంట, లేచిన సార్లు రాయి. తర్వాత 8 వారాలు అట్లే రాసి, పక్కపక్కన పెట్టి చూడు. తేడా లేకుంటే ఆపెయ్. ఉన్నా మూడు నెలలు దాటనియ్యొద్దు. ఇవన్నీ మొదలుపెట్టే ముందు మీ నాయన వాడే బీపీ, షుగరు మాత్రల చీటీ డాక్టరుకు చూపించి, ఇది కలపవచ్చునా అని అడుగు. నాకూ ఆ చీటీ ఫొటో తీసి పంపు.

మీ పెద్దనాయన