కాలిపర్‌తో ఆత్మరక్షణ: పడటం ముందు, కొట్టడం తర్వాత

మీరడిగింది ఇదీ: చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది, తొడ దాకా కాలిపర్ (కాలికి ఊతంగా కట్టే చట్రం), కుడి చేతిలో మోచేతి కర్ర. రాత్రి డ్యూటీ దిగి తిరుపతి బస్టాండు నుంచి ఇంటికి నడిచి రావాలి. కరాటేలో చేరదామంటే మాస్టారు 'నిలబడటమే కష్టం, నీకెందుకమ్మా' అన్నారు. నేర్చుకోవచ్చా, ఏది నేర్చుకోవాలి?

నేర్చుకోవచ్చు చెల్లెమ్మా. తైక్వాండో మాత్రం వద్దు, అందులో బలమంతా తన్నుల్లోనే. టోక్యో పారాలింపిక్స్‌లో దాన్ని పెట్టింది కూడా ఎక్కువగా చేతుల్లో లోపం ఉన్నవాళ్ళకే. మీకు సరిపోయేవి జూడో, జుజిట్సు, రెండూ కొట్టడం కంటే పట్టుకుని పడగొట్టి నేల మీద బిగించే జపాన్ విద్యలు. చూపు లేనివాళ్ళ జూడో 1988 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది, 2024 పారిస్‌లో మన కపిల్ పర్మార్ కంచు గెలిచాడు. ఆ ఆట ఒకరి కోటు ఒకరు పట్టుకున్నాకే మొదలవుతుంది. కర్ర మీద నడిచి నడిచి మీ పిడికిలి, భుజం ఇప్పటికే గట్టిపడి ఉంటాయి కాబట్టి పట్టులో మీరు తక్కువేం కాదు. జూడో మాస్టారిని 'ఎత్తి పడేయడాలు వద్దు సార్, పడటం, నేల మీది పట్లు నేర్పించండి' అని అడగండి.

మొదటి నెలంతా పడటమే. 4 సెంటీమీటర్ల జూడో మ్యాటు ఉందో లేదో చూసుకోండి. కరాటే క్లాసుల్లో పరిచే 2 సెంటీమీటర్ల ముక్కల మ్యాటు దీనికి చాలదు. కాలిపర్ విప్పేసి మొదలుపెట్టండి. ముందు వెల్లకిలా పడుకుని గడ్డం ఛాతీకి ఆనించి, అరచెయ్యీ ముంజెయ్యీ కలిపి ఒంటికి కాస్త ఎడంగా మ్యాటు మీద చరచాలి. తర్వాత కూర్చుని వెనక్కి దొర్లడం, ఆ తర్వాత పొట్టి స్టూలు మీంచి. వరసగా పదిసార్లు తల మ్యాటుకు తగలకుండా పడ్డాకే పై మెట్టుకు వెళ్ళండి. కాలిపర్ వేసుకుని పడటం ఆఖరున, అదీ ఒకరు నడుము బెల్టు పట్టుకుని ఉండగా.

ఎప్పుడు పడినా కుడి పిరుదు మీదికే రావాలి. పోలియో కాలి ఎముక బరువు మోయక పలచబడి ఉంటుంది, కాలిపర్ మోకాలి దగ్గరి లాకు పడి బిగిసిన కాలు మెలి తిరిగితే తొడ ఎముకే విరగొచ్చు. చెయ్యి చాచి ఆపుకోబోతే మణికట్టో కాలర్ బోనో పోతుంది. కర్ర వదిలేయడం కూడా సాధన చేయాల్సిందే. కర్ర పైన ఉండే పట్టీలో ముంజెయ్యి ఇరుక్కుపోయి పడితే మోచెయ్యి మెలిపడుతుంది.

నిలబడేటప్పుడు కుడి కాలు అర అడుగు వెనక్కి, బరువంతా దాని మీద. లాకు పడిన ఎడమ కాలు ముందుకి. అప్పుడు ఎదుటివాడు తోసినా వెనక ఆసరా ఉంటుంది, ముందు కాలిని తన్నినా మీరు కూలిపోరు. వీలైతే వీపు గోడకి ఆనించండి.

కర్రను కర్రసాములోలా తిప్పకండి. అది ముందు మీ కాలు, తర్వాతే ఆయుధం. తిప్పిన ఊపుకి మీరే తిరిగిపోతారు, పైగా అల్యూమినియం గొట్టం ఎత్తు సరిచేసే బెజ్జాల దగ్గర వంగిపోతుంది. గోడ ఆసరా దొరికాక, కొనతో పాదం మీదో ముంగాలి ఎముక మీదో పొడిచి వెంటనే నేలకి ఆనించాలి. కింది రబ్బరు బుష్ అరిగిపోయిందేమో చూసుకోండి, తడిసిన టైల్స్ మీద అదే జారుతుంది.

ఖాళీగా ఉన్న ఎడమ చెయ్యి మణికట్టు ఎవడైనా పట్టుకుంటే, అందరికీ నేర్పేది వెనక్కి అడుగేసి లాగమని. మీరలా లాగితే వాడి మీదే పడతారు. మోచేతిని వాడి వైపు తోయండి, వాడి బొటనవేలు, మిగతా వేళ్ళు కలిసే సందు వైపు మణికట్టు తిప్పి, చేతిని మీ కుడి భుజానికి తెచ్చుకోండి. పట్టులో బలహీనమైన చోటు ఆ సందే.

కింద పడిపోయాక కుడి పాదం ఎప్పుడూ వాడి వైపే ఉండాలి. వాడు పక్కకి వస్తే మీరు పిరుదుల మీద తిరగాలి, తన్ను మోకాలికి. చాచి ఉన్న కాలిపర్ వాడికి పట్టుకోవడానికి పిడిలా దొరుకుతుంది, కాబట్టి పడుకునే ఎడమ చేత్తో లాకు తీసి మోకాలు మడవడం అలవాటు చేసుకోండి. చుడీదార్ కింద లాకు ఉంటే బట్ట మీద నుంచే తీయాలి, అది ఇంట్లో మంచం మీద సాధన చేసుకోవచ్చు. వాడు దూరంగా జరిగేదాకా లేవకండి. కర్ర వెతుక్కుని లాకు వేసుకుని లేచేలోపు రెండు చేతులూ పనిలో ఉంటాయి, తల కాపాడుకోవడానికి ఏదీ మిగలదు.

సాధన రోజు విడిచి రోజు 20 నిమిషాలు చాలు. మధ్యమధ్యలో కూర్చోండి. మన ఎండాకాలంలో అయితే తెల్లవారుజామునే ముగించాలి. మర్నాడు పొద్దున కూడా కాలో భుజమో నీరసంగానే ఉంటే తర్వాతి రోజు సగానికి తగ్గించండి. పోలియో వచ్చిన కండను అలుపొచ్చాక కూడా పని చేయిస్తే బలపడదు, ఉన్నది కూడా పోవచ్చు. చేరేముందు తిరుపతిలోని టీటీడీ వారి ఎముకల ఆసుపత్రి బర్డ్‌లో ఫిజియోథెరపిస్టుకి చూపించి మూడు సంగతులు అడగండి: తుంటి ఎంత దాకా తిరగొచ్చు, కుడి భుజం కీలు అరిగిందా, కాలిపర్ పట్టీలు పడినప్పుడు తట్టుకుంటాయా.