పాత ఇల్లు, కొత్త తీగలు

ప్రశ్న: అమ్మా, మాది పెరంబూరులో మా మామగారు 1964లో కట్టిన ఇల్లు. కిందా పైనా కలిపి ఆరు గదులు. పైకప్పు పాతకాలపు మద్రాస్ టెర్రస్. వైరింగంతా చెక్క రీపర్ల మీదే ఉంది. ఈ ఎండాకాలం ఏసీ వేస్తే చాలు, ఫ్యూజు పోతోంది. మావారు రెండు తీగలు మెలేసి కడుతున్నారు. అత్తగారి స్నానానికి గీజరు వేసినప్పుడు కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోంది. ఒక ఎలక్ట్రీషియన్ ఏసీకి విడిగా లైను లాగితే చాలంటాడు. ఇంకొకాయన ఇల్లంతా మార్చాలి, నెలన్నర పడుతుందంటాడు. కత్తిరి ఎండల్లో 82 ఏళ్ల అత్తగారిని ఫ్యాను లేకుండా ఎలా ఉంచను? పైగా పూజగదిలోని ఇత్తడి స్విచ్చి ముట్టుకోవద్దని ఆవిడ పట్టుబట్టారు. ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, ముందు ఈరోజే చేయాల్సిన పని చెప్తాను. ఆ గీజరు ఆపేసి ప్లగ్గు పీకేయండి. అత్తగారికి నీళ్లు స్టవ్వు మీద కాచి ఇవ్వండి. కుళాయి జివ్వుమంటోందంటే గీజరు లోపలినుంచి కరెంటు లీకవుతోంది, దాన్ని భూమిలోకి దింపాల్సిన ఎర్తు పనిచేయడం లేదు. తడి ఒంటితో ఉన్న పెద్దావిడకి అది చిన్న విషయం కాదు.

ఇక ఫ్యూజు సంగతి మీవారికి నా మాటగా చెప్పండి. ఫ్యూజు ఉన్నది గోడమీది తీగను కాపాడటానికి. రెండు తీగలు మెలేసి కడితే ఫ్యూజు పోవడం మానేస్తుంది, దాని బదులు తీగ కాగుతుంది. ఆ తీగ పడుకున్నది అరవై ఏళ్లు ఎండిన చెక్క మీద. వైరింగు మార్చేదాకా ఏసీ వేయకండి.

నా జవాబు, ఇల్లంతా మార్చండి. పశ్చిమ మాంబళంలో మా ఇల్లు మీ ఇంటికంటే పాతది. మూడేళ్ల కిందట ఏప్రిల్ మధ్యలో మొదలుపెట్టి జూన్ రెండోవారానికి ముగించాం. నేనూ మొదట ఏసీ లైనొక్కటే చాలనుకున్నాను. ఎలక్ట్రీషియన్ మెయిను ఆపి, హాల్లో బోర్డు విప్పి, ఒక తీగని వేలితో కొంచెం వంచాడు. దానిమీది రబ్బరు పొడిపొడిగా రాలి నా అరచేతిలో పడింది. లోపల రాగి నల్లబడి బయటికి కనిపిస్తోంది. అలాంటివి మా పిల్లలు పడుకునే గదుల్లో ఎన్ని ఉన్నాయో అన్న ఆలోచన వచ్చాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎర్తు విషయంలో ఇంకో సంగతి బయటపడింది. పాత ఇళ్లల్లో చాలాచోట్ల ఎర్తు తీగని ఇనప నీళ్ల గొట్టానికే కట్టేవారు. గొట్టం భూమిలోకి వెళ్తుంది కాబట్టి అప్పట్లో పని జరిగిపోయేది. మా ఇంట్లో ప్లంబరు వచ్చి బయటి గొట్టాలు తీసి ప్లాస్టిక్‌వి వేశాడు. ఆరోజునుంచి మా ఇంటికి ఎర్తు లేదు, ఎనిమిదేళ్లపాటు ఎవరికీ తెలియలేదు. మీ బాత్రూము గొట్టాలు ఈమధ్య మార్పించారేమో గుర్తు తెచ్చుకోండి. ఏమైనా సరే, కొత్త ఎర్తు గుంత తవ్వించి, రెండున్నర మీటర్ల జీఐ పైపు (జింకు పూతున్న ఇనప గొట్టం) దింపించండి. దీనికి ఎండాకాలమే మంచిది. నేల పూర్తిగా ఎండినప్పుడే ఎర్తు బలహీనంగా ఉంటుంది. మేలో కొలిచినప్పుడు బాగుందంటే వానల్లో దిగులుండదు.

అత్తగారి గురించి. ఇల్లంతా ఒకేసారి విప్పనివ్వకండి. ముందు కొత్త మెయిన్ బోర్డు పెట్టించి, పైభాగం పూర్తిచేసి, ఆ తర్వాతే కింద ముట్టుకోమనండి. కింద పని జరిగే రోజుల్లో ఆవిడ గదికి కొత్త బోర్డునుంచి తాత్కాలికంగా ఒక ఫ్యాను, ఒక లైటు ఇప్పించండి. మా ఇంట్లో నేను పెట్టిన షరతు ఒక్కటే: సాయంత్రం 6 గంటలకి ప్రతి పడకగదిలో ఫ్యాను తిరగాలి, తిరగకపోతే మర్నాడు కొత్త గోడ ముట్టుకోకూడదు. మొదట్లో ఎలక్ట్రీషియన్‌కి కష్టమనిపించింది, వారం తిరిగేసరికి అలవాటైంది.

పని సగం సగంగా చేయించినప్పుడు ఒక చిక్కు వస్తుంది, అది ముందే తెలిస్తే మీరు కంగారుపడరు. కొత్త బోర్డులో ఆర్‌సీసీబీ అని ఒకటి పెడతారు. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా లేదా అని అది చూస్తుంది. 30 మిల్లీఆంపుల తేడా వస్తే క్షణంలో ఆపేస్తుంది. మనిషి ప్రాణం కాపాడేది అదే. మాకు పైకొకటి, కిందకొకటి పెట్టారు. పైన పని పూర్తయిన రోజునుంచి సరిగ్గా సాయంత్రం ఆరున్నరకి రెండూ పడిపోవడం మొదలైంది. పగలంతా ఏమీ లేదు. రెండోరోజు ఎలక్ట్రీషియన్ విసిగిపోయి, "ఇదే చెడిపోయినట్టుంది, తీసేద్దాం మేడమ్" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మూడోరోజు సాయంత్రం ఒక కాగితం పట్టుకుని, ఎవరు ఏ స్విచ్చి వేసినా రాసుకుంటూ కూర్చున్నాను. మా చిన్నమ్మాయి మెట్లమీది లైటు వేసింది, అంతే, ఇల్లంతా చీకటి. ఆ లైటుకి ఫేజు (కరెంటు తెచ్చే తీగ) కిందనుంచి, న్యూట్రల్ (కరెంటు తిరిగెళ్లే తీగ) పైనుంచి వస్తోంది. ఎప్పుడో ఎవరో దగ్గర్లో ఉన్న తీగకి తగిలించేశారు. అది 40 వాట్ల బల్బు, సుమారు 170 మిల్లీఆంపులు తీసుకుంటుంది. పై లెక్కలోనూ కింది లెక్కలోనూ అంత తేడా వస్తే 30కే ఆగాల్సింది ఆగకుండా ఎలా ఉంటుంది? న్యూట్రల్ సరిచేశాక మళ్లీ పడలేదు. అందుకని ఎవరు చెప్పినా సరే, ఆర్‌సీసీబీని తీయనివ్వకండి. తప్పు తీగల్లో వెతకమనండి.

తీగలు ఐఎస్‌ఐ గుర్తున్న రాగివే కొనండి. లైట్లకీ ఫ్యాన్లకీ 1.5 చదరపు మిల్లీమీటర్లు, మామూలు ప్లగ్గులకి 2.5, ఏసీకీ గీజరుకీ 4. ఏసీకొకటి, గీజరుకొకటి విడి లైను, విడి ఎంసీబీ (తీగ మోయలేనంత కరెంటు లాగితే తనంతట తానే పడిపోయే స్విచ్చి). మన ప్యారీస్ కార్నర్‌లో హోల్‌సేల్ దుకాణాల్లో 90 మీటర్ల కాయిళ్లుగా దొరుకుతాయి. కాయిలు సీలు మీ ముందే విప్పించండి. ఏసీ కలిపాక మొత్తం లోడు ఎంతవుతుందో లెక్కేసి, మంజూరైనదానికంటే ఎక్కువైతే ఈబీకి (కరెంటు ఆఫీసుకి) దరఖాస్తు పెట్టండి. మీటరు సీలు మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు.

మద్రాస్ టెర్రస్ అన్నారు కదా, కప్పు జోలికి అస్సలు వెళ్లొద్దు. టేకు దూలాల మీద సున్నంతో నిలబెట్టిన ఇటుకలవి. గాడి కొడితే కదులుతాయి, వానాకాలం కారడం మొదలవుతుంది. దూలాల పక్కనుంచి పైకే కనిపించేలా పైపులు వేయించండి. రంగు వేస్తే చూడ్డానికేమీ బాధగా ఉండదు. గోడల్లో అయితే నిలువుగా మాత్రమే గాడి కొట్టమనండి. పూత పూసేముందు ప్రతి గోడకీ కొలత టేపు ఆనించి, తీగలు ఎక్కడున్నాయో కనిపించేలా ఫోటో తీసుకోండి. రేపు కర్టెన్ రాడ్డుకి రంధ్రం వేసేటప్పుడు ఆ ఫోటోయే దిక్కు.

పనివాడి దగ్గర తమిళనాడు ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చిన సర్టిఫికెట్ ఉందో లేదో చూడండి. చివరి డబ్బు ఇచ్చేముందు మీ ఎదురుగానే మెగ్గర్‌తో (తీగ మీది తొడుగు కరెంటును ఎంత బాగా ఆపుతోందో కొలిచే మీటరు) ఒక్కో లైనూ పరీక్షించమనండి. 1 మెగాఓమ్‌కి తగ్గకూడదు. కొత్త తీగైతే అంతకు ఎన్నో రెట్లు చూపించాలి.

ఇక ఇత్తడి స్విచ్చి. అత్తగారి మాట కాదనకండి, కానీ దానికి కరెంటు ఉంచకండి. పైన లోహపు మూత, వెనక ఎర్తు లేదు, పొద్దున్నే తలస్నానం చేసి తడిచేత్తో వేస్తారు. మా ఇంట్లోనూ పూజగదిలో అలాంటిదే ఉండేది, మా మామగారు మూర్‌మార్కెట్లో కొన్నది. దాని తీగలు విడదీసి, స్విచ్చిని గోడమీద అలాగే ఉంచి, పక్కన జానెడు దూరంలో కొత్తది పెట్టించాం. మా అత్తగారు రోజూ ముందు పాతదాన్ని టక్కుమని కిందికి వేసి, ఆ తర్వాత కొత్తది నొక్కి, దీపం వెలిగించుకునేవారు.