రంగు వచ్చిందని ఆగిపోకు, శ్రావణీ

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, ఇది కూడా నీలాగే గాజు మీద బంగారం పూసి కాలుస్తుందట" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఒకపక్క సంతోషం, ఒకపక్క టెన్షన్. ఇరవై ఏళ్లు నేను చేసిన పని అది. అందులో చేతులు ఎక్కడ కాలతాయో, మనసు ఎక్కడ విరుగుతుందో నాకు తెలుసు. ఫోన్‌లో చెబితే అన్నిటికీ "సరే పెద్దమ్మా" అనేసి మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను.

ముందు నా భయం చెప్పేస్తాను. గాజు కడగడానికి మీ ల్యాబ్‌లో పిరానా వాడతారా? సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి చేసేది. కలిపిన వెంటనే దానంతట అదే కాగిపోతుంది. ఎసిటోన్ తడి ఉన్న గాజును అందులో వేయకూడదు. నా పక్క బెంచీ అమ్మాయి తొందరలో వేసింది. బీకరులో ఉన్నదంతా ఒక్కసారిగా పైకి చిమ్మింది. ఫ్యూమ్ హుడ్ (పొగలను బయటికి లాగే అర) అద్దం దించి ఉండబట్టి ముఖం దక్కింది, ముంజేతి మీద మచ్చ మాత్రం ఉండిపోయింది. ఆ వాసన తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. నీ పనికి అంతటిది అక్కర్లేదమ్మా. సబ్బునీళ్లు, స్వచ్ఛమైన నీళ్లు, ఎసిటోన్, ఐసోప్రొపనాల్, ఒక్కొక్కదానిలో పది నిమిషాలు అల్ట్రాసోనిక్ బాత్ (శబ్ద కంపనాలతో మురికి వదిలించే తొట్టి), తర్వాత నైట్రోజన్ ఊది ఆరబెట్టడం. చాలు. మీ సార్ పిరానానే కావాలంటే గది‌లో ఒక్కదానివే ఉన్నప్పుడు కలపకు, మిగిలింది మూత బిగించి దాచకు. మిగతా ఉత్తరం వినకపోయినా ఈ ఒక్క మాట విను.

పూత వేయడం అక్కడ ఎవరైనా నేర్పుతారు. మందం గురించి మాత్రం చెప్పాలి. కాల్చినప్పుడు ఆ పూత విడిపోయి ఏర్పడే నీ బంగారు కణాలు ఎంత పెద్దగా ఉండబోతున్నాయో కొలిమి కంటే ముందు ఆ మందమే నిర్ణయిస్తుంది. 5 నానోమీటర్ల (ఒక నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) బంగారం వేస్తే చిన్న కణాలు దగ్గర దగ్గరగా వస్తాయి. 20 వేస్తే పెద్ద పెద్ద ముద్దలు దూరం దూరంగా వస్తాయి. మందం చూపించే క్వార్ట్జ్ క్రిస్టల్ ఒకచోట ఉంటుంది, నీ గాజు ఇంకోచోట ఉంటుంది. ఆ మీటరులో 10 అని కనబడితే గాజు మీద 10 పడినట్టు కాదు. ఒకసారి మందంగా పూత వేసి, అంచు దగ్గర ఎత్తు కొలిచి, రెండిటికీ తేడా ఎంతో రాసి పెట్టుకో.

ఇంకొకటి. బంగారం ఊడిపోకుండా కింద క్రోమియమో టైటానియమో వేయమని ఎవరైనా తప్పకుండా చెబుతారు. ఎలక్ట్రోడ్లకు అది మంచి సలహా. నీ పనికి అది శత్రువు. మనకు కావలసింది ఆ పొర చెదిరిపోవడం. కింద అంటుకునే పొర ఉంటే బంగారం కదలదు, కదిలినా రంగు మందగిస్తుంది.

చెదరడం అంటే ఏమిటో నీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను, అది చెప్పడం నాకిష్టం. తామరాకు మీద నీళ్లు పోస్తే పరుచుకోవు, బొట్లుగా చేరతాయి. గాజు మీద బంగారానికి కూడా అదే ఇష్టం. చల్లగా ఉన్నప్పుడు కదలలేక పరుచుకుని ఉంటుంది. కాస్త వేడి తగిలితే పరమాణువులు పైపైన పాకడం మొదలుపెడతాయి. బంగారం కరగాలంటే 1064 డిగ్రీలు కావాలి, కానీ ఇంత పలుచని పొరకు 300, 400 డిగ్రీలు చాలు. కరగకుండానే పొరలో చిల్లులు పడతాయి, చిల్లులు పెద్దవై ఒకదానితో ఒకటి కలుస్తాయి, మధ్యలో మిగిలిన దారాలు తెగి పూసలవుతాయి. అప్పటిదాకా నీలం, ఆకుపచ్చ కలిసినట్టున్న గాజు గులాబీ రంగుకో ఊదా రంగుకో తిరుగుతుంది. మైకేల్ ఫారడే 1857లోనే రాశాడు, గాజు మీద బంగారు రేకును కరగనంత వేడిలో ఉంచితే దాని ఆకుపచ్చ రంగు పోతుందని. ఆయన దగ్గర ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ లేదు, కళ్లు మాత్రమే ఉన్నాయి. మొదటిసారి నా స్లైడు రంగు మారినప్పుడు నేను ఆయన్నే తలుచుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా చెప్పలేదు.

నేను మొదట పనిచేసింది వెండితో. మామూలు మైక్రోస్కోప్ స్లైడు మీద 10 నానోమీటర్ల వెండి. 300 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే పాలిపోయిన రంగు, స్పెక్ట్రమ్‌లో వెడల్పాటి పీక్ (గాజు ఏ రంగు వెలుగును ఎంత మింగుతుందో గీసిన గ్రాఫులో శిఖరం). నాకు నచ్చలేదు. వేడి పెంచితే బాగుంటుందని ఒక రాత్రి 550 డిగ్రీలు పెట్టి, మామూలు గాలిలోనే వదిలేసి ఇంటికెళ్లాను. పొద్దున తలుపు తీస్తే తేనెలాంటి పసుపు! స్పెక్ట్రమ్‌లో 415 నానోమీటర్ల దగ్గర సన్నగా, నిటారుగా పీక్. మా గైడ్‌కు చూపిస్తే ఆ స్లైడును తన టేబుల్ మీద పెట్టుకున్నారు. నా జీవితంలో అంత గర్వపడిన రోజు లేదు.

మేము చేయాలనుకున్నది సెన్సర్, కణాల చుట్టూ ఏ ద్రవం ఉందో పీక్ జరగడాన్ని బట్టి చెప్పేది. కణాల మీద నీళ్లు పడితే పీక్ ఎరుపు వైపు జరగాలి, గ్లిజరిన్ పోస్తే ఇంకా జరగాలి. నా పీక్ కదల్లేదు. ఏం పోసినా అక్కడే నిలబడింది. సరిగా తడవలేదనుకున్నాను. బుడగలు చేరాయనుకుని గాజు గిన్నె మార్చాను. మెషీన్ పాతదన్నాను. మూడు నెలల్లో నలభై స్లైడులు చేశాను. నోట్‌బుక్‌లో ఎన్నిచోట్ల "మళ్లీ చూడాలి" అని రాసుకున్నానో!

ఒక సాయంత్రం మా ల్యాబ్‌లో గాజు సామాను కడిగే అతను వచ్చి, "మేడమ్, ఈ పసుపు పోవడం లేదు" అన్నాడు. పాత స్లైడులు మళ్లీ వాడుకుందామని నైట్రిక్ యాసిడ్‌లో వేశాడట. వెండి అందులో ఇట్టే కరిగిపోవాలి. యాసిడ్‌లోంచి తీసిన స్లైడు అంతే పసుపుగా ఉంది. నేను కుర్చీలో కూలబడ్డాను. నా వెండి గాజు మీద లేదు, గాజు లోపలికి దిగిపోయింది. మామూలు గాజులో సోడియం ఉంటుంది. వేడికి సోడియం బయటికి, వెండి లోపలికి చోటు మార్చుకుంటాయి. లోపలే కణాలై రంగునిస్తాయి. కణాలు గాజులో ఉంటే పైన పోసిన నీళ్లు వాటికెలా తెలుస్తాయి? యూరప్‌లో చర్చి కిటికీలకు పసుపు వేసేవాళ్లు 14వ శతాబ్దం నుంచి చేస్తున్న పని అది. వాళ్లకు తెలిసిన సంగతి నాకు తెలియలేదు.

కాన్ఫరెన్స్‌కు పంపిన పేపర్ వెనక్కి తీసుకున్నాం. గైడ్ ఒక్క మాట అనలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది. మూడు నెలలు పోయినందుకు కాదమ్మా నాకు బాధ. మొదటి రోజే పీక్ కదలకుండా నిజం చెప్పింది. రంగు అందంగా ఉందని నేను వినలేదు.

అందుకే నీ కొలిమిలో ఎప్పుడూ మూడు ముక్కలు పెట్టు. నీ శాంపిల్, పూత లేని ఖాళీ గాజు, అదే పూత వేసిన క్వార్ట్జ్ ముక్క. క్వార్ట్జ్‌లో సోడియం లేదు, అది అబద్ధం చెప్పదు. బంగారం వెండిలా సులువుగా లోపలికి పారిపోదు, కానీ గాజు మెత్తబడేంత వేడి ఇస్తే కణాలు అందులోకి కూరుకుంటాయి. మామూలు స్లైడును 500 దాటించే ముందు రెండుసార్లు ఆలోచించు. కాల్చకముందు, కాల్చాక మల్టీమీటరుతో పూతను తాకి చూడు. ముందు కరెంటు పారి తర్వాత పారకపోతే పొర తెగినట్టే. ఒక చుక్క నీళ్లు వేసి పీక్ కదులుతుందో లేదో మొదటి రోజే చూడు. ఫ్లోట్ గాజు (కరిగిన తగరం మీద తేలించి చేసిన పలక) అయితే ఒకవైపు తగరం అంటి ఉంటుంది, చిన్న తరంగదైర్ఘ్యం యూవీ దీపం కింద ఆ వైపు తెల్లగా మెరుస్తుంది. ఏ వైపు పూత వేశావో గుర్తు పెట్టుకో.

రంగు చూడాలన్న ఆత్రంలో వేడి కొలిమి తలుపు తీయకు. వంద డిగ్రీల కిందికి రానివ్వు. గాజు పగిలితే మరొకటి దొరుకుతుంది, నా భయమంతా నీ కళ్ల గురించి.

చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని ఆ పసుపు స్లైడులోంచి ఎండను చూసేదానివి, గుర్తుందా? అది ఇంకా నా దగ్గరే ఉంది. నీ మొదటి స్లైడు ఫోటో పంపేటప్పుడు పక్కన ఖాళీ గాజు కూడా పెట్టి తీయి. పీక్ కదలకపోతే ఎంత రాత్రయినా సరే, ఫోన్ చెయ్యి.

నీ పెద్దమ్మ