లాక్‌డౌన్‌లో మొదలైన భయం ఇప్పుడు మళ్లీ వచ్చింది.. దానంతటదే పోతుందా?

ప్రశ్న: 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా అమ్మాయికి 13 ఏళ్లు. ఒక రాత్రి గుండె దడ, ఆయాసం, చేతులు కొంకర్లు పోవడంతో ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. ఈసీజీ నార్మల్ వచ్చింది. పానిక్ ఎటాక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్ర భయం) అన్నారు. కొన్నాళ్లు మందులు వాడి, తగ్గగానే మానేశాం. ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. రెండు నెలలుగా నిద్ర లేదు, గదిలోంచి బయటికి రావడం లేదు. మొన్న ‘నేను లేకపోతే మీకు ఏ బాధా ఉండదు’ అంది. ఇదంతా లాక్‌డౌన్ ప్రభావమేనా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి మొన్న అన్న మాట గురించే ముందు చెబుతాను. దాన్ని కోపంలో అన్న మాటగా తీసుకోవద్దు. ఈరోజే సైకియాట్రిస్టుకు చూపించండి. అపాయింట్‌మెంట్ దొరక్కపోతే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఈలోపు ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని తల్లిదండ్రులు భయపడతారు గానీ, అలా జరగదు. చాలామంది పిల్లలకు ఎవరో ఒకరు అడిగారన్నదే పెద్ద ఊరట. అవునంటే, ఎలా, ఎప్పుడు అనుకుందో కూడా అడగండి. ‘నీకేం తక్కువ చేశాం’ అని మాత్రం అనకండి, ఆ తర్వాత ఇక నోరు విప్పదు. ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు, వాడగా మిగిలిన మందులు, పురుగుమందులు అందకుండా తాళం వేయండి.

ఇక లాక్‌డౌన్ సంగతి. కొంతవరకు అదే కారణం కావచ్చు. బడి మూతపడటంతో నిద్రవేళలు తారుమారయ్యాయి, స్నేహితులు దూరమయ్యారు, పిల్ల డల్‌గా ఉందని గమనించే టీచరూ లేకుండా పోయారు. మహమ్మారి తొలి ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది.

ఎమర్జెన్సీ విభాగాల్లో పరిస్థితి మాత్రం కాస్త విచిత్రంగా నడిచింది. మొదటి వారాల్లో చాలా దేశాల్లో మానసిక సమస్యలతో వచ్చేవాళ్లు తగ్గారు. అంతమాత్రాన జబ్బు తగ్గిందని కాదు. వైరస్ అంటుకుంటుందన్న భయంతో ఆస్పత్రి గడప తొక్కలేదు, ఓపీలూ సరిగా నడవలేదు. టీనేజీ పిల్లల్లో అసలు తీవ్రత తర్వాత బయటపడింది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ (సీడీసీ) లెక్కల ప్రకారం 2021 ఫిబ్రవరి–మార్చిలో, ఆత్మహత్యాయత్నం అనుమానంతో ఎమర్జెన్సీకి వచ్చిన 12–17 ఏళ్ల అమ్మాయిల సంఖ్య 2019లో అదే సమయంతో పోలిస్తే దాదాపు 51 శాతం ఎక్కువ. అబ్బాయిల్లో ఆ పెరుగుదల 4 శాతం లోపే. అలాగని అన్నిచోట్లా అన్నీ పెరిగాయనుకోవద్దు. 21 దేశాల లెక్కలు చూస్తే, తొలి నెలల్లో ఆత్మహత్య మరణాలు చాలావరకు పెరగలేదు, కొన్నిచోట్ల తగ్గాయి కూడా.

నా భయమల్లా వేరే. అన్నిటినీ లాక్‌డౌన్ ఖాతాలో వేసేస్తే, అది పోయింది కాబట్టి ఇదీ పోతుందిలే అని ఎదురుచూస్తూ కూర్చుంటాం. అప్పట్లో మొదలైన ఆందోళన ఇప్పుడు డిప్రెషన్‌గా మారి ఉండొచ్చు. దానికి ఇప్పటి కారణాలూ తోడై ఉండొచ్చు: చదువు, ప్రేమ, తోటివాళ్ల వేధింపులు, ఇంకేదైనా. నయమైనట్టు అనిపించగానే మందులు ఆపేయడం కూడా జబ్బు తిరగబెట్టడానికి ఒక కారణమే. తగ్గాక కూడా సాధారణంగా ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది వరకు వాడి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

పాత చీటీ పట్టుకుని మీరే మందులు మొదలుపెట్టొద్దు. 25 ఏళ్ల లోపువాళ్లలో డిప్రెషన్ మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరికి చిరాకు, కుదురులేనితనం, చనిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు. దానికి భయపడి మందులే వద్దనుకోనక్కర్లేదు, ఆ రోజుల్లో దగ్గరుండి కనిపెట్టుకోవాలి. మందులతో పాటు ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే కౌన్సెలింగ్ పానిక్‌కు బాగా పనిచేస్తుంది.

వెళ్లేటప్పుడు అప్పటి ఎమర్జెన్సీ కాగితాలు, వాడిన మందుల పేర్లు తీసుకెళ్లండి. మీరు చెప్పాల్సింది చెప్పాక, ఓ పది నిమిషాలు అమ్మాయిని డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడనిచ్చి మీరు బయట కూర్చోండి.