‘ది ఎల్లో వాల్‌పేపర్’ కథలో ఆమెకు నిజంగానే పిచ్చి పట్టిందా?

ప్రశ్న అడిగినవారు ఎం.ఏ. విద్యార్థిని. అమెరికా రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ రాసిన ఈ కథలో కథకురాలికి చివరకు పిచ్చి పట్టినట్టా, లేక అది భర్త మీద ఆమె చేసిన తిరుగుబాటా, పరీక్షలో రెండింటిలో ఏది రాస్తే మంచిదని అడిగారు. పాలకొల్లు, నర్సాపురం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే ఆడపిల్లలకు చాలాకాలం ఇంగ్లీషు పాఠం చెప్పినదాన్ని గనుక ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉన్నది. మనిషి చేతిలోని పనిని లాగేసుకుంటే మనసు ఏం చేస్తుందో ఈ కథ చెబుతుంది. పిచ్చా, తిరుగుబాటా అన్న తగువు ఆ తర్వాతది.

కథ చదవనివారి కోసం రెండు ముక్కలు. ప్రసవించి ఎంతోకాలం కాని ఒక స్త్రీని, డాక్టరైన భర్త జాన్ వేసవికని ఒక పాత బంగళాకు తీసుకువెళ్ళి, కిటికీలకు ఊచలున్న మేడమీది గదిలో ఉంచుతాడు. మంచం నేలకు మేకులతో బిగించి ఉంటుంది. గోడలకు చిరుగులు పడిన పసుపు కాగితం అంటించి ఉంటుంది. బిడ్డను మేరీ అనే ఆమె చూసుకుంటుంది, ఇల్లు ఆడపడుచు జెన్నీ చూసుకుంటుంది, ఈమె మాత్రం ఏమీ చేయకూడదు, ముఖ్యంగా రాయకూడదు. తనకు నచ్చిన పని, కాస్త మార్పు ఉంటే కోలుకుంటానని ఆమె మొదటి పేజీలోనే చెబుతుంది. ఆ మాట ఎవరూ వినరు. మనం చదివేదంతా ఆమె వాళ్ళ కంటపడకుండా రాసుకున్నదే.

గైడు పుస్తకాలు ఇక్కడ ‘ప్రతీకలు’ అని ఒక శీర్షిక పెట్టి, కాగితం అంటే సమాజం, ఊచలు అంటే వివాహం, వెన్నెల అంటే స్త్రీత్వం అని వరసగా రాసేస్తాయి. పిల్లలు వాటిని కంఠతా పట్టి పరీక్షలో దించుతారు, దిద్దేవారు మార్కులు వేస్తారు, కథ మాత్రం చదవకుండానే మిగిలిపోతుంది. ఆ కాగితాన్ని ప్రతీకగా చూడకముందు కాగితంగా చూడమని నేను ఎన్ని తరగతుల్లో చెప్పినా, గైడు ముందు నా మాట నిలిచేది కాదు.

నిలిచిన రోజు ఒకటి ఉన్నది. శ్రావణమాసంలో కరెంటు పోయి, పంకాలు ఆగి, కాలవ మీది నుంచి గాలి కూడా రాని మధ్యాహ్నం అది. కథకురాలు కాగితం మీది నమూనాను పరిశీలించే పేరా చదువుతున్నాను. తనకు చిత్రరచన సూత్రాలు కొద్దిగా తెలుసుననీ, ఇది మాత్రం పునరావృత్తికి గాని సౌష్ఠవానికి గాని తాను విన్న మరే నియమానికి గాని లొంగడం లేదనీ ఆమె అక్కడ రాస్తుంది. మన పాఠకులు చాలామంది ఈ పేరాను దాటేస్తారు. వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి, తరగతిలో సాధారణంగా నోరు విప్పనిది, హఠాత్తుగా లేచింది. వాళ్ళ ఇంట్లో అమ్మ, నాయనమ్మ ఇద్దరూ ఏజెంటుకు లేసు అల్లి ఇచ్చేవారు.

“మేడమండి, ఈవిడికి పిచ్చేంటండి? కొత్త డిజైను ఇత్తే మా అమ్మా ఇలాగే చూత్తదండి. పువ్వు ఎక్కడ మొదలయ్యింది, ఎక్కడికెళ్ళి తిరిగింది, ఎన్ని గొలుసులు ఏసేరు అని లెక్కెడతదండి. అది తేలేదాకా అన్నం కూడా సరిగా తినదండి” అన్నది.

ముందు బెంచీలోని అమ్మాయి వెంటనే అడ్డు తగిలింది: “మీ అమ్మకంటే ఏజెంటు ఇత్తాడు. ఈవిడికెవరూ డిజైను ఇవ్వలేదు కదే?”

“ఇవ్వలేదు కాబట్టే గోడమీదున్నదట్టుకుంది” అన్నది లేసు వాళ్ళమ్మాయి.

నేను పుస్తకం బల్ల మీద పెట్టేశాను. మిగిలిన గంటంతా ఆ అమ్మాయే పాఠం చెప్పిందనవచ్చు. నమూనాను వర్ణించిన పేరాలన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి చదివించి, నల్లబల్ల మీద సుద్దతో గీయించింది. పగటి వెలుగులో పైకి కనబడే అల్లిక ఒకటి, దాని వెనక మసకగా మరొకటి, వెన్నెల పడ్డప్పుడు పైది ఊచలుగా మారడం, ఊచల వెనక ఒక స్త్రీ ఉన్నట్టు తెలియడం అన్నీ క్రమం తప్పకుండా తేలాయి. మతి తప్పిన మనిషి రాతలో ఇంత క్రమం ఉండదని పిల్లలు తేల్చారు. వైద్యులు ఒప్పుకోకపోవచ్చును గాని నేను ఆ రోజు ఒప్పుకున్నాను, ఈ రోజుకూ ఒప్పుకుంటున్నాను.

ఆ అమ్మాయి ఊహకు కథ బయట కూడా బలం ఉన్నది. గిల్మన్ 1878లో రోడ్ ఐలాండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌లో చేరి బొమ్మలు వేయడం నేర్చుకున్నది, వ్యాపార ప్రకటనల కార్డులకు చిత్రాలు వేసి డబ్బు సంపాదించింది. అంటే కథలో నమూనాను లెక్కపెట్టే కన్ను చేతిపని తెలిసినవారి కన్నే. 1885లో కూతురు పుట్టిన తర్వాత ఆమెను తీవ్రమైన విషాదం పట్టుకున్నది. 1887లో ఫిలడెల్ఫియాలో పేరుమోసిన నరాల వైద్యుడు సైలస్ వెయిర్ మిచెల్ ఆమెకు ‘విశ్రాంతి చికిత్స’, అంటే మంచం దిగనివ్వకుండా, ఏ పనీ చేయనివ్వకుండా పడుకోబెట్టే వైద్యం, చేసి ఇంటికి పంపుతూ, వీలైనంత గృహస్థ జీవితం గడపమనీ, బిడ్డను ఎల్లవేళలా దగ్గర ఉంచుకోమనీ, బుద్ధికి పని రోజుకు రెండు గంటలు మించనివ్వవద్దనీ, బతికినంతకాలం కలం, కుంచె, పెన్సిలు ముట్టవద్దనీ చెప్పాడు. ఆ సలహాను నెలల తరబడి పాటించి మతి పూర్తిగా చెడే అంచు దాకా వెళ్ళానని, సలహాను వదిలి మళ్ళీ పనిలో పడ్డాకనే కోలుకున్నానని ఆమె 1913లో స్వయంగా రాసింది. అదే మిచెల్ నరాల బలహీనత ఉన్న మగవారిని పడమటి రాష్ట్రాలకు వెళ్ళి గుర్రమెక్కి ఆరుబయట తిరగమని పంపేవాడు. ఈ ఒక్క సంగతి తరగతిలో చెబితే చాలు, పిల్లలు ‘ప్రతీకలు’ అన్న శీర్షిక మరచిపోతారు.

లేసు మాట వచ్చింది గనుక ఇంకొకటి చెప్పాలి. నర్సాపురం ప్రాంతానికి ఈ క్రోషియా అల్లిక పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. ఒక ఇంట్లో పువ్వులు అల్లుతారు, మరొక ఇంట్లో అతుకుపని చేస్తారు, సరుకు విదేశాలకు వెళుతుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీల మీద 1982లో ప్రచురించిన పుస్తకంలో, రోజంతా అల్లినా వీళ్ళను పనివాళ్ళుగా కాక, తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకునే గృహిణులుగానే లెక్కవేస్తున్నారని చూపింది. కథలోని ఆమెను పని చేయనివ్వలేదు, మన దగ్గర చేసిన పనిని పనిగా ఎంచలేదు. మా పిల్లలకు ఈ కథ అంత త్వరగా పట్టుబడడానికి ఇదే కారణమని నా నమ్మకం. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదివే పిల్లలకన్నా డెల్టా పిల్లలకే ఇది బాగా అర్థమవుతుందని కూడా నమ్ముతాను. దానికి నా దగ్గర రుజువు లేదు, అవసరమూ తోచలేదు.

విశ్రాంతి చికిత్స అన్న మాట వినగానే పెళ్ళయిన విద్యార్థినులు ఒకరినొకరు చూసుకుని నవ్వేవారు. పచ్చి బాలింత గది తెలిసినవారికి ఆ నవ్వు తెలుస్తుంది. నా మొదటి పురుడు కోనసీమలో మా పుట్టింట జరిగింది. గాలి తగలకుండా కిటికీ మూశారు, చెవుల్లో దూది పెట్టారు, తలకు గుడ్డ కట్టారు, పొద్దున్నా సాయంత్రమూ సాంబ్రాణి వేశారు. దిండు కింద దాచుకున్న వారపత్రికను మా పెద్దమ్మ తీసేసుకుని, “బాలింత చదివితే కళ్ళు లాగేస్తాయమ్మా, తర్వాత జన్మంతా చదువుకుందువుగాని” అన్నది. కారణం తెలియని ఏడుపు వచ్చేది. పాలు తగ్గిపోతాయని ఏడవవద్దన్నారు తప్ప, ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ అడగలేదు. అయితే అదే పెద్దమ్మ రాత్రంతా బిడ్డను తన ఒళ్ళో పెట్టుకుని నన్ను నిద్రపోనిచ్చింది. ఒంటికి నూనె పట్టించి నీళ్ళు పోసింది. అందుచేత ఆ గదిని నేను జాన్ మేడగదితో పూర్తిగా జత చేయలేను. మేడగదిలో ఆమెకు నూనె రాసే చేయి లేదు, మాట్లాడే తోటి ఆడది లేదు. జెన్నీ కూడా, ఈమె జబ్బుకు రాతే కారణమని నమ్మినట్టుంటుంది.

జాన్ చెడ్డవాడు కాడన్న సంగతి పిల్లలకు నచ్చేది కాదు. సినిమాల అలవాటు వల్ల వాళ్ళకు కొట్టేవాడో, తాగేవాడో కావాలి. జాన్ భార్యను ఎత్తుకుని మేడ ఎక్కిస్తాడు, పక్కన కూర్చుని పుస్తకం చదివి వినిపిస్తాడు, చంటిపిల్లను పిలిచినట్టు ముద్దుగా పిలుస్తాడు. ఆమె చెప్పే ప్రతి మాటనూ అంతే ముద్దుగా కొట్టిపారేస్తాడు. మన ఇళ్ళలో “తిండికి లోటా, గుడ్డకు లోటా, దానికేం రోగం?” అని వినబడే మాటకు అతడిది చదువుకున్న రూపం. పరీక్షలో జాన్‌ను క్రూరుడని రాస్తే కథ బలం సగం పోతుంది. అతడు మాట్లాడే వాక్యాలను మాత్రమే ఏరి, బయటికి చదివి చూడండి. చివరి దృశ్యం వచ్చేదాకా ఏ ఒక్కటీ గట్టిగా అరిచినది ఉండదు.

ఒక్క జాగ్రత్త అవసరం. కథలో పని లేకపోవడం జబ్బును పెంచిందని నేనంటున్నాను గాని, ప్రసవానంతర విషాదానికి మందూ వైద్యమూ అక్కరలేదని అనడం లేదు. గిల్మన్ కాలంలో లేనివి ఇప్పుడు ఉన్నాయి. 1987లో ఎడిన్‌బరోలో తయారైన పది ప్రశ్నల పట్టికతో బాలింత మనసు ఎలా ఉన్నదో నర్సు కూడా తెలుసుకోవచ్చు. మనసు బాగులేనివారికి సాయం చేసే మన ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవారు, నాలుగు రోజులుంటే అదే పోతుందని చెప్పేవారు మా వైపు ఇంకా ఉన్నారు గనుక ఈ మాట ఇక్కడ రాస్తున్నాను.

ఇక పరీక్ష. కథ 1890లో రాసినదనీ, 1892 జనవరిలో న్యూ ఇంగ్లండ్ మ్యాగజైన్‌లో వచ్చిందనీ, అంతకుముందు అట్లాంటిక్ మంత్లీ సంపాదకుడు దీన్ని చదివి తాను పడిన బాధను పాఠకులకు పంచలేనన్న అర్థంలో తిప్పి పంపాడనీ, చాలాకాలం మరుగున పడి 1973లో ఫెమినిస్ట్ ప్రెస్ తిరిగి అచ్చువేశాక పాఠ్యాంశమైందనీ ఒక పేరాలో ముగించండి. గిల్మన్ 1913 వ్యాసాన్ని కథ తర్వాతే చదవండి. ముందు చదివితే కథంతా ఆమె జీవితచరిత్రలా కనబడుతుంది. అసలు జీవితంలో వైద్యుడు బిడ్డను దగ్గర ఉంచుకోమంటే, కథలో ఆమె బిడ్డ దగ్గర ఉండలేకపోతుంది. ఈ మార్పు ఎందుకు చేసి ఉంటుందో రాయగలిగితే మీ జవాబు గైడు చదివినవారి జవాబులా ఉండదు.

పిచ్చా, తిరుగుబాటా అన్న దానికి, చివరి దృశ్యంలో ఆమె నేల మీద పాకుతూ, స్పృహ తప్పి పడిన భర్త మీదుగా ప్రతి చుట్టూ దాటవలసి వచ్చిందని విసుక్కోవడం ఒక్కటి చూపించండి. అక్కడికి వచ్చేసరికి ఆమె మతి చలించింది నిజం, ఆ విసుగులో ఆమె గొంతు తొలిసారి భయం లేకుండా పలికిందీ నిజం. రెండూ ఒకే వాక్యంలో రాయడానికి వెనుకాడవద్దు. అదే పేజీలో ‘జేన్’ అన్న పేరు ఒక్కసారే వస్తుంది. అది జెన్నీకి బదులు పడిన అచ్చుతప్పని కొందరు, కథకురాలి సొంత పేరేనని మరికొందరు అంటారు. నేను రెండో పక్షం. మీరు మాత్రం రెండు అభిప్రాయాలూ రాయండి, దిద్దేవారిది ఏ పక్షమో మనకు ముందుగా తెలియదు కదా.