నొప్పికీ నొప్పికీ మధ్య

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. అత్తాకోడళ్లు వాకిట్లో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ మాట్లాడుకునే చోట నాకూ ముక్కు ఘాటెక్కింది. అక్కడ నువ్వు వాళ్ల పక్కనే కూర్చుని రాశావు. కానీ కాన్పు దగ్గరికి వచ్చేసరికి తలుపు బయటే నిలబడిపోయావు. ఆరే వాక్యాలు. ఉన్నట్టుండి నొప్పులు, ఒక కేక, వేణ్ణీళ్లు తెమ్మని అరుపు, కేరుమన్న ఏడుపు, డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి "ఆడపిల్ల" అని చెప్పి వెళ్లిపోవడం. ఆ సీను ఎలా ఉందని అడిగావు కదా. అది సినిమా కాన్పు బాబూ. నీ కథలో ఆ పిల్ల కన్న కాన్పు కాదు.

ఇద్దరు పిల్లల్ని కన్న నేను కూడా ముప్పై ఏళ్లపాటు ఇలాగే రాశాను. నా తొలి కాన్పులో నన్ను వెల్లకిలా పడుకోబెట్టారు, మా అమ్మను లోపలికి రానివ్వలేదు, మూలిగినప్పుడల్లా కసురుకున్నారు. ఆ గదిలోకి మళ్లీ వెళ్లడం ఇష్టంలేక కథ రాసిన ప్రతిసారీ సినిమా సీను అరువు తెచ్చుకున్నాను. పన్నెండేళ్ల కిందట మా అమ్మాయి పక్కన ఒక పగలూ ఒక రాత్రీ కూర్చున్నాక గానీ కాన్పు అంటే ఏమిటో నా కళ్లకు కనబడలేదు.

ఇంకో సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు పెద్దాపరేషన్‌తోనే జరిగాయి. దేశం మొత్తానికి అది 21.5 శాతమే. ఆపరేషన్ చాలామంది ప్రాణాలు కాపాడుతుంది, చేయించుకున్న ఏ తల్లినీ నేను తక్కువ చేయను. కానీ మంచి ముహూర్తం చూసి కోయించుకునే చోట, నొప్పులు వాటంతటవి వచ్చి, ముదిరి, బిడ్డను బయటికి తెచ్చే తీరు చెప్పగలిగినవాళ్లు ఇళ్లలో తగ్గిపోతున్నారు. అందుకే నువ్వు దాన్ని సరిగ్గా రాయాలని ఇంత గట్టిగా అడుగుతున్నాను.

ముందు టైము సంగతి. నీ కథలో అన్నం ఉడికేలోపు బిడ్డ పుట్టేసింది. తొలిచూలుకి అలా జరగడం చాలా అరుదు. మొదట నడుములో సన్నగా లాగుతుంది. పొత్తికడుపు గట్టిపడుతుంది, వదిలేస్తుంది. దొంగ నొప్పులైతే కాసేపు అటూ ఇటూ నడిస్తేనో, పడుకుంటేనో సర్దుకుంటాయి. అసలు నొప్పులు సర్దుకోవు. దగ్గరదగ్గరగా వస్తాయి, ఎక్కువసేపు ఉంటాయి, బలం పెరుగుతుంది. కొందరికి జిగురులో నెత్తుటి చార కనిపిస్తుంది. ఉమ్మనీరు కొందరికి ముందే పోతుంది, చాలామందికి నొప్పులు ముదిరాకే పోతుంది. అది తేటగా ఉంటే సరే. ఆకుపచ్చగా ఉంటే బిడ్డ లోపలే దొడ్డికి వెళ్లిందని అర్థం. అది చూసిన నర్సు మాట తగ్గించి బిడ్డ గుండె చప్పుడు మరింత జాగ్రత్తగా వింటుంది. ఆ మౌనాన్ని నువ్వు కథలో వాడుకోవచ్చు.

ఇన్నాళ్లూ బిగుసుకుని ఉన్న గర్భసంచి మూతి ముందు మెత్తబడి పల్చబడుతుంది, తర్వాత తెరుచుకుంటుంది. 5 సెంటీమీటర్ల దాకా నింపాదిగా, దానికి ఇన్ని గంటలని లెక్క లేదు. అక్కడి నుంచి 10 దాకా తొలి కాన్పులో మామూలుగా 12 గంటలు దాటదు. 1955లో ఎమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికన్ డాక్టరు 500 మంది తొలిచూలు తల్లులను గమనించి ఈ తెరుచుకోవడాన్ని ఒక గీతగా గీశాడు. ఆ గీత మీద ఆధారపడి తర్వాతివాళ్లు గంటకు 1 సెంటీమీటరు అనే లెక్క పెట్టారు. లేబర్ రూముల్లో అది పాతుకుపోయింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ లెక్క అందరికీ సరిపడదని, తల్లీబిడ్డా బాగున్నప్పుడు నెమ్మదిగా సాగుతోందన్న ఒక్క కారణంతో తొందరపెట్టొద్దని చెప్పింది. నీ కథలో "ఇంకా ఎంతసేపు?" అని అత్త విసుక్కునే చోట ఈ చరిత్రంతా వెనకాల ఉందని నీకు తెలిసుంటే చాలు, కథలో రాయక్కర్లేదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. నువ్వు నొప్పిని రాశావు గానీ నొప్పికీ నొప్పికీ మధ్య సమయాన్ని వదిలేశావు. బాగా ముదిరిన నొప్పులు పది నిమిషాల్లో మూడు నుంచి ఐదు వస్తాయి, ఒక్కోటి ముప్పావు నిమిషం, నిమిషం ఉంటుంది. అంటే నొప్పి లేని సమయం కూడా బోలెడు ఉంటుంది! గర్భసంచి బిగుసుకున్నప్పుడు మాయకు, అంటే లోపల బిడ్డను పోషించే అవయవానికి, వెళ్లే రక్తం తగ్గుతుంది. అది సడలగానే రక్తం మళ్లీ పారుతుంది, బిడ్డ తేరుకుంటుంది. తల్లికి విశ్రాంతి, బిడ్డకు ఊపిరి. ఆ సందులోనే మనిషి తన మాటలు తను మాట్లాడుతుంది.

మా అమ్మాయి కాన్పు మే నెలలో. నొప్పి వచ్చినప్పుడు మంచం ఇనుప కమ్మీ పట్టుకుని ముందుకు వంగేది. "నడుం నొక్కమ్మా, ఇంకా కింద" అనేది. నా అరచేతి మొదలు దాని వెన్ను కింద ఎముకకు ఆనించి బరువంతా వేసేదాన్ని. నొప్పి దిగిపోగానే దాని భుజాలు జారేవి. ఒకసారి అలా జారాక కళ్లు మూసుకునే, "ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి వచ్చావా?" అని అడిగింది. కట్టానన్నాను. ఇంకో నిమిషానికి చిన్నగా గురక. మళ్లీ నొప్పి. నాలుగు నిమిషాల్లో జాడీ, గురక, కమ్మీ. నలభై ఏళ్లు రాసినా ఊహించి ఆ వరస తేలేకపోయేదాన్ని.

పక్కన మనిషి ఉండటాన్ని కేవలం ఓదార్పు అనుకోకు. నొప్పులను నడిపించే ఆక్సిటోసిన్ అనే హార్మోను మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి విడుదలవుతుంది. బిడ్డ తల గర్భసంచి మూతిని ఎంత ఒత్తితే అది అంత ఊరుతుంది, అది ఊరిన కొద్దీ బిడ్డ ఇంకా కిందికి దిగుతుంది. భయం, టెన్షన్ ఎక్కువైతే అడ్రినలిన్ పెరిగి నొప్పులు మందగించవచ్చు. కసిరే గొంతు నొప్పుల వేగాన్ని మార్చగలదు. నీ కథలో ఆయా ఆ పిల్లను తిడుతుంది కదా, ఆ తిట్టు తర్వాత ఏమైందో రాయి.

మూతి పూర్తిగా తెరుచుకునే ముందు ఒక గడ్డుకాలం ఉంటుంది. వణుకు, కొందరికి వాంతులు. అప్పటిదాకా ధైర్యంగా ఉన్న పిల్ల "నా వల్ల కాదు, కోసి తీసేయమనండి" అంటుంది. మా అమ్మాయీ అంది. నాకు కాళ్లలో సత్తువ పోయింది. అనుభవమున్న నర్సు మాత్రం ఆ మాట విని గ్లవుజులు తొడుక్కుంది. చాలాసార్లు ఆ మాట వచ్చిందంటే బిడ్డ దగ్గరపడిందని ఆమెకు తెలుసు.

ఆ తర్వాత నొప్పి తీరు మారుతుంది. ముక్కాలనిపిస్తుంది, ఆపుకోలేనంతగా. "ముక్కమ్మా, ముక్కు" అనే మాటే రాయి, దానికి గ్రాంథికం వెతక్కు. వెల్లకిలా పడుకునే కనాలని లేదు. పక్కకు తిరిగి, మోకాళ్ల మీద, గొంతుకూర్చుని కూడా కనవచ్చు. తొలిచూలుకి ఈ దశ మూడు గంటల దాకా పట్టొచ్చు. లోపల బిడ్డ చేసే ప్రయాణం తెలిస్తే నీ వాక్యం దానంతటదే నెమ్మదిస్తుంది. కటి ఎముకల దారి పైన అడ్డంగా వెడల్పు, కింద ముందువెనకలకు వెడల్పు. అందుకని బిడ్డ గడ్డాన్ని గుండెకు ఆనించుకుని, పక్కకు చూస్తూ దిగి, మధ్యలో తిరిగి అమ్మ వెన్నువైపు ముఖం పెడుతుంది. తల ఎముకలు ఇంకా అతుక్కుని ఉండవు కాబట్టి ఒకదాని మీదికి ఒకటి జరిగి దారికి ఒదుగుతాయి. తల వచ్చాక ముఖం మళ్లీ అమ్మ తొడవైపు తిరుగుతుంది, భుజాలు వస్తాయి, తక్కినదంతా ఒక్కసారిగా జారిపోతుంది.

కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి వీపు మీద కొట్టించావు. దయచేసి అది తీసెయ్. బిడ్డను తుడిచి అమ్మ గుండెల మీద బోర్లా పడుకోబెడతారు. ఒంటి మీద వెన్నలాంటి తెల్లటి పూత ఉంటుంది, చేతులూ కాళ్లూ కాసేపు నీలంగానే ఉంటాయి. బొడ్డుతాడును వెంటనే కోయరు, కనీసం ఒక నిమిషం ఆగుతారు. ఆ నిమిషంలో మాయలోని రక్తం బిడ్డకు చేరుతుంది. వేలితో పట్టుకుంటే తాడు కొట్టుకోవడం తెలుస్తుంది. నన్ను పట్టుకోనిచ్చారు. అది క్రమంగా నెమ్మదించి, ఆగిపోయి, తెల్లబడింది.

అందరం కథ ఇక్కడ ఆపేస్తాం. తల్లి శరీరం ఇంకా పని చేస్తూనే ఉంటుంది. మాయ పడాలి, మామూలుగా అరగంటలోపు. నర్సు దాన్ని ట్రేలో పరిచి ముక్క ఏదైనా లోపల మిగిలిందేమోనని వెలుతురులో తిప్పి తిప్పి చూస్తుంది. అరకిలో దాకా ఉంటుంది, ఒక వైపు నున్నగా, చెట్టు వేళ్లలా నరాలు పరుచుకుని. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అరలీటరు, అంతకంటే ఎక్కువ రక్తం వస్తుంటుంది. మాయ ఊడిన చోట ఆ రక్తనాళాలన్నీ తెరుచుకునే ఉంటాయి. వాటిని మూసేది గర్భసంచి కండరాలే, అల్లుకున్న తాళ్లలా బిగుసుకుని. అది బిగుసుకోకపోతే రక్తం ఆగదు. మన దేశంలో తల్లులు ఎక్కువగా చనిపోయేది అలాంటి రక్తస్రావంతోనే. అందుకే బిడ్డ పుట్టగానే ఆక్సిటోసిన్ సూది ఇస్తారు. మొదటి గంటా రెండు గంటలు మాటిమాటికీ పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి కొబ్బరికాయలా గట్టిగా ఉందా, మెత్తబడిందా అని చూస్తారు.

మా అమ్మాయి పొట్ట మీద ఆ నర్సు చెయ్యి వేసినప్పుడల్లా నేను ఆమె ముఖమే చూశాను. బిడ్డ అప్పటికే ముర్రుపాలు వెతుక్కుంటోంది. బిడ్డ చీకుతుంటే పొట్ట మళ్లీ మెలిపెట్టి "అబ్బా" అంది అమ్మాయి. "మంచిదేనమ్మా, సంచి బిగుసుకుంటోంది" అంది నర్సు.

నీ కథలో డాక్టరమ్మ చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆమెను వెనక్కి పిలిపించు. ఆ పిల్ల పొట్ట మీద ఎవరో ఒకరు చెయ్యి వేసి ఉండాలి. తిరగరాసి పంపు, తొందరేం లేదు.

ఆశీస్సులతో,
నీ అమ్మమ్మ వయసు రచయిత్రి